తల వంచు

పోసిన నీళ్ళు చెవి వెనక్కి జారేలోపే
మనిషి ఎవరో మరిచిపోతాను.
నా ముందు కూర్చునేది తలే.
టోకెనూ సగం బ్లేడూ చేతికిచ్చి
మెడ ముందుకు పెడతారు.
నేననేది రెండే మాటలు:
తల వంచు. గమ్మునుండు.

ఇరవై రెండేళ్ళు.
పేరుకు దొరసామిని.
కింద, జీవకోనలో, రేకుల ఇంటి సందులో
ఆ పేరుతో నన్నెవరూ పిలవరు.
కొండ మీద మాత్రం
నా మాట దాటిన తల లేదు.
జడ్జీ వంచాడు, వడ్డీలకిచ్చేవాడు వంచాడు,
తుపాకీ మనిషిని తలుపు దగ్గర నిలబెట్టి
ఒక డీయస్పీ వంచాడు.

జుట్టు పోయాక బయటపడేవి ఉంటాయి.
పుట్టుమచ్చ, గజ్జి మానిన జాగా, జోడు సుడులు.
ఇంకా, వేలి కొసకు తగిలే సన్నటి గట్టు,
వెంట్రుక మొలవని గీత.
డీయస్పీకి అది నడినెత్తిన ఉంది,
చింతగింజ పొడుగు.
కత్తి దాన్ని దాటేటప్పుడు
అంత మనిషీ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.
భుజాలు చెవులదాకా లేచాయి,
నలభై ఏళ్ళ కిందటి చెయ్యేదో
మళ్ళీ దిగుతున్నట్టు.
"సైకిల్ మీంచి పడ్డాలే" అన్నాడు.
నేనడగలేదు.

అందరూ పడినవాళ్ళే.
మెట్ల మీంచి, మిద్దె మీంచి, జామచెట్టు మీంచి.
ఇంతమంది పడ్డారు గదా,
తోసినవాడు ఇంతవరకు
నా ముందు కూర్చోలేదు.

చంటిపిల్లల్ని తెస్తారు, అది వేరే పని.
తల్లి కాళ్ళు పట్టుకుంటుంది,
మేనమామ చెంపలు పట్టుకుంటాడు.
"ఏడిస్తే కత్తాయన చెవి కోస్తాడు" అంటాడు తండ్రి,
నా వైపు చూసి నవ్వుతూ.
నేనూ కత్తి రవంత ఎత్తి చూపిస్తాను.
బిడ్డ బిగుసుకుపోతుంది.
పని సులువవుతుంది.
ఎంత బుద్ధిగా కూర్చున్నాడో అని
అవ్వ గోవిందా అంటుంది.

ఒక్కడు మాత్రం, పుంగనూరు లారీ డ్రైవరు,
"ముందు నాకు గియ్యన్నా, వాడు చూసుకుంటాడు" అన్నాడు.
నాయన బోడిగుండు నిమిరి నిమిరి
పిల్లోడు పకపకా నవ్వాడు.
ఆ పూట వరసలో నాలుగు తలలు ఆలస్యమయ్యాయి.
మళ్ళీ ఎవరినీ అట్ట చెయ్యనియ్యలేదు నేను.

భయం ఎంత తొందరగా పని చేస్తుందో
నాకు తెలిసినట్టు ఎవరికి తెలుసు?
అందుకే కాబోలు, దాన్ని
ఘాట్ రోడ్డు బస్సులో ఒళ్ళో పెట్టుకుని
ఇంటికి తెచ్చుకున్నాను.

మునిచంద్రకు ఏడేళ్ళప్పుడు
ఎక్కం తప్పు చెప్పాడని విసిరిన స్టీలు గ్లాసు.
పదమూడో ఎక్కం.
నాకూ రాదు అది.
బడిలో అయివారు అడిగితే
"పడ్డా సార్" అన్నాడంట.
ఆ మాట వాడికి ఎవరూ నేర్పలేదు.

మొన్న మా యమ్మ దినాలు.
స్వర్ణముఖి ఇసకలో, రాయి మీద కూర్చున్నా.
వాడికిప్పుడు పద్దెనిమిది.
"నేను గీస్తా" అని చెంబు అందుకున్నాడు.
నీళ్ళు పోశాడు.
"తల వంచు నాయినా."

రోజుకు వందసార్లు అన్న మాట
నా మెడ మీద ఇంత బరువుంటుందనుకోలేదు.
మెడ వంగింది.
భుజాలే చెప్పిన మాట వినలేదు,
చెవులదాకా లేచాయి.

ఎడమ చెవి పైన వాడి బొటనవేలు ఆగింది.
"ఇదేంది?"
మా నాయన సానరాయి. నాకు తొమ్మిదేళ్ళు.
"పడ్డా" అన్నాను.

వాడేమీ అనలేదు.
ఏటి అవతల ఎవరో ఎనుముల్ని అదిలిస్తున్నారు.
కత్తి చర్మం మీదనే ఉంది, కదలకుండా,
ఎంతసేపో.
తర్వాత అరచెయ్యి నా నెత్తిన ఆనించాడు.
నొక్కలేదు, ఆనించాడంతే.
"గమ్మునుండు నాయినా," అన్నాడు,
"వణకతా ఉండావు."